బొజ్జ గిటారు, బక్క గిటారు, ఒకటే పెట్టె

పిల్లలూ! మాది బాలాపూర్. "ఏ బాలాపూర్?" అని మీలో ఎవరూ అడగరని నాకు తెలుసు. లడ్డూ బాలాపూర్ అంటే చాలు. 1994లో మా ఊరి వినాయకుడి లడ్డూను తొలిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2025లో వేసిన వేలంలో 35 లక్షలు పలికింది! నిమజ్జనం రోజున మా ఊళ్లో మోగే లౌడుస్పీకర్లు కూడా ఆ లడ్డూకు తగ్గట్టే ఉంటాయి. ఒక్కొక్కటి బీరువా అంత. ఎదురుగా నిలబడితే మన పొట్టలోని పేగులు కూడా తాళం వేస్తాయి.

నేను చెప్పబోయేది ఆ స్పీకర్ల సంగతి కాదు. ఏడో తరగతి చదివే పిల్ల తన భుజాన వేసుకుని పోగల స్పీకరు సంగతి. దాని పెట్టెను నేను మూడుసార్లు చేశాను. ఎందుకు మూడుసార్లో చెబితే మీకు నవ్వు వస్తుంది. నవ్వండి, ఫరవాలేదు.

మా అక్కయ్యకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఇంటరు, చిన్నది ఏడో తరగతి. ఇద్దరికీ గిటారు పిచ్చి. కాని ఇద్దరివీ ఒక రకం గిటార్లు కావు. చిన్నదాని గిటారుకు లోపల బోలుగా పెద్ద కడుపు ఉన్నది. పెద్దవాడిది కరెంటు గిటారు. అది పీట చెక్కలాగా పలచగా ఉంటుంది. అందుచేత ఇంట్లో వాటికి బొజ్జ గిటారు, బక్క గిటారు అని పేర్లు పడ్డాయి.

బొజ్జ గిటారు తీగ మీటితే ఆ అదురు తీగ నుంచి పలచటి పైచెక్కకు పాకుతుంది. పైచెక్కా, లోపలి గాలీ కలిసి అదురుతాయి. అందుకే గది అంతా వినబడుతుంది. బక్క గిటారుకు ఆ కడుపు లేదు. దాని తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగితీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ అదిరినప్పుడల్లా ఆ చుట్టల్లో చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటును యాంప్లిఫయరు పెంచితే స్పీకరు దాన్ని మళ్లీ ధ్వనిగా మారుస్తుంది. 1931లో అమెరికాలో ఇలాంటి గిటారును మొదట చేసినప్పుడు దాని ఆకారం చూసి జనం "వేపుడు పెనం" అని పేరు పెట్టారు! స్పీకరు లేకుండా బక్క గిటారు వాయిస్తే ఎలా ఉంటుందంటారా? దోమ పాడినట్టు ఉంటుంది.

మా కాలనీ వినాయకుడి మండపంలో ఒక సాయంత్రం పిల్లల పాటలు పెట్టారు. అన్నకు పది నిమిషాలు, చెల్లెకు పది నిమిషాలు. అన్నకు స్పీకరు లేనిదే గడవదు. చెల్లె బొజ్జ గిటారు గదిలో వినబడుతుందిగాని మండపంలో ఆ జనం మధ్య వినబడదు.

"నేను చేస్తాను, ఇద్దరికీ కలిపి ఒకటే పెట్టె" అన్నాను.

కొనవచ్చు కదా అని మీ నాన్నగారు అడుగుతారు. కొనవచ్చు. కాని నాకు చెక్కపని అంటే సరదా. ఆ సరదాకు చివరికి కొన్నదానికంటే ఎక్కువే ఖర్చయిందని ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

"మామా, అది నేను మోసేటట్టు ఉండాలె" అన్నది చిన్నది. "అన్న మొయ్యడు. మోస్తే, మోసింది నేనే గద అని నా పది నిమిషాలు గూడ ఆయనే వాయిస్తడు."

ఇంటి నుంచి మండపానికి పది నిమిషాల నడక. సరేనన్నాను.

బస్సెక్కి కోఠీ పోయి, గుజరాతీ గల్లీలో 10 అంగుళాల స్పీకరు, యాంప్లిఫయరు బిళ్ల, బ్యాటరీ తెచ్చాను. బల్ల మీద పెట్టి తగిలించి, పెద్దవాణ్ణి వాయించమన్నాను. సన్నగా, పీలగా ఉన్నది ధ్వని. లావు తీగ మీటినా అంతే. "స్పీకరు పాడైంది మామా!" అన్నాడు వాడు.

పాడు కాలేదు. ఇది మీరు కూడా చేసి చూడవచ్చు. ఒక పాత రేడియో స్పీకరును విడిగా పట్టుకుని పాట వినండి. తరువాత ఒక పెద్ద అట్టకు స్పీకరు మూతి అంత రంధ్రం చేసి, దానికి స్పీకరును ఆనించి వినండి. లావు స్వరాలు ఎక్కడినుంచో ఊడిపడినట్టు వచ్చేస్తాయి!

ఇలా ఎందుకు జరుగుతుందంటే, స్పీకరులో కాగితపు గరాటు ఒకటి ముందుకూ వెనక్కూ ఆడుతూ ఉంటుంది. అది ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. సరిగ్గా అదే క్షణాన వెనకున్న గాలి పలచబడుతుంది. నొక్కుకున్న గాలి ఊరుకుంటుందా? అంచు చుట్టూ తిరిగి వెనక్కు పోయి ఆ లోటు పూడ్చేస్తుంది. రెండూ సరిపోయి మన చెవికి ఏమీ మిగలదు. గిటారు లావు తీగ సెకనుకు 82 సార్లు అదురుతుంది. ఆ ధ్వని అల పొడవు 4 మీటర్లు దాటుతుంది. అంత నింపాది అలకు అంచు చుట్టి రావటానికి కావలసినంత వ్యవధి ఉన్నది. సెకనుకు 4,000 సార్లు అదిరే సన్నని స్వరం అల 9 సెంటీమీటర్లయినా ఉండదు. దానికి ఆ వ్యవధి లేదు. అందుకే విడి స్పీకరులో సన్నని స్వరాలు బతుకుతాయి, లావువి చస్తాయి. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇప్పుడు మనమంతా వాడే ఈ రకం స్పీకరును గురించి ప్రకటించారు. వాళ్లు కూడా దానికి ముందుకూ వెనక్కూ మధ్య ఒక అడ్డు పెట్టవలసే వచ్చింది.

అయితే పెట్టె ఎలా చెయ్యాలి? నాకు వెంటనే వీణ గుర్తుకు వచ్చింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణ చేస్తారు. ఆ కుండ పలికే తీరు విన్నారు కదూ! మంచి చెక్కను పలచగా చిత్రిక పడితే స్పీకరు పెట్టె కూడా వీణలాగా పాడుతుందని నా ఊహ. మా నాన్నగారి నాటి టేకు బీరువా తలుపు ఒకటి అటక మీద ఉంటే దాన్ని కోసి, 6 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి పెట్టె కట్టాను. పాలిషు కూడా చేశాను. చూడటానికి నగలపెట్టెలాగా ఉన్నది.

పెద్దవాడు వాయించాడు. అన్ని స్వరాలూ ఒక ఎత్తు, మూడో తీగ ఒక ఎత్తు! ఆ తీగ సెకనుకు 196 సార్లు అదురుతుంది. అది మీటేసరికి పెట్టె మొత్తం "గుంయ్‌య్" మని మూలిగింది. తీగ మీద చెయ్యి వేసి ఆపేసినా పెట్టె మాత్రం ఆపదు. ఒక పాట వాయించేసరికి, పదిమంది పిల్లలు పాడుతుంటే ఒకడే కేకలు పెట్టినట్టు అయింది.

మా వీధి చివర ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. నేను "కాకా" అంటాను, పిల్లలు "తాతా" అంటారు. పెట్టె ఎత్తుకుపోయి చూపించాను. ఆయన వేలితో దాని పక్క చెక్క మీద కొట్టాడు. టంగుమన్నది.

"ఇది పాడుతున్నది బిడ్డా" అన్నాడు.

"పాడాలనే కదా కాకా చేశాను."

"గిటారు పాడంగ ఇది గూడ ఎందుకు పాడాలె? గోల్కొండల చప్పట్లు కొట్టినవా ఎప్పుడన్న? ఫతే దర్వాజ కాడ కొడితే పైన బాలా హిస్సార్‌ల వినబడతది. అక్కడ రాయి పాడుతదా? పాడదు. ఒచ్చిన చప్పుడును పంపుతది."

నేను బిక్కమొహం వేశాను. ఆ చప్పట్లు చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు కొట్టానో! రాయి బరువుగా గట్టిగా ఉండి తాను కదలదు గనకనే ధ్వనిని తనలో కలుపుకోకుండా తిప్పి పంపుతున్నదని ఒక్కనాడూ తట్టలేదు.

సరే, రాయిలాంటి పెట్టె చేద్దామనుకున్నాను. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. చెక్క తెచ్చాను. చెక్క మందం రెండింతలైతే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిదింతలవుతుంది. అలాంటప్పుడు మూడింతల మందానికి చెప్పేదేమున్నది? వేలితో కొడితే "థడ్" అన్నది, అంతే. మూడో తీగ మూలుగు మాయమయింది. నేను ఎగిరి గంతు వేశాను. చిన్నదాన్ని పిలిచి ఎత్తమన్నాను. అది రెండు చేతులూ వేసి, ముక్కి, మూలిగి, నేల నుంచి జానెడు ఎత్తి దించేసింది. తూకం వేస్తే స్పీకరుతో సహా 14 కిలోలు!

"మామా, నేను దీనిమీద కూసొని వాయిస్త" అన్నది.

అప్పటికి పండుగ ఇంకా తొమ్మిది రోజులున్నది.

మళ్లీ కాకా దగ్గరికే పోయాను. ఆయన నన్ను తిట్టలేదుగాని, బల్ల మీద ఉన్న ఇనప స్కేలు తీసి, సగం బల్ల అంచు బయటికి ఉండేట్టు పట్టుకుని మీటాడు. "బుర్ర్" మన్నది. లోపలికి జరిపి, రెండంగుళాలు మాత్రం బయట ఉంచి మీటాడు. "ట్రిక్" మన్నది. స్కేలు అదే, మందమూ అదే. అదిరే పొడవు తగ్గితే అదురు సన్నబడుతుంది, త్వరగా ఆగిపోతుంది కూడా. ఇది మీరు తరగతిలో చేసి మాస్టారి చేత చీవాట్లు తినే ఉంటారు! అంటే చెక్కను మందం చెయ్యనక్కర లేదు. మధ్యలో అడ్డకర్ర వేసి దాని పొడవును రెండు ముక్కలు చేస్తే సరి.

మూడో పెట్టె 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో చేశాను. ఎత్తు 40 సెంటీమీటర్లు, వెడల్పు 35, లోతు 25. లోపల ఎడమ పక్క నుంచి కుడి పక్కకు అడ్డంగా ఒక కర్ర. ఈ కొలతలు ఊరికే పెట్టినవి కావు. పెట్టెలోని గాలి స్ప్రింగులాంటిది. సైకిలు పంపు మూతి బొటనవేలితో మూసి నొక్కండి, తెలుస్తుంది. పెట్టె మరీ చిన్నదయితే ఆ స్ప్రింగు బిరుసెక్కి గరాటును ఆడనివ్వదు. ఏ స్పీకరుకు ఎంత గాలి కావాలో లెక్కకట్టే పద్ధతిని 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఆయన ప్రకటించాడు. 1970ల ఆరంభంలో రిచర్డ్ స్మాల్ దాన్ని పెంపొందించాడు. అంతకుముందు పెట్టెలు చేసినవాళ్లు చాలామంది నాలాగే కట్టి, విని, మళ్లీ విప్పి కట్టినవాళ్లే. నా పెట్టెలో గాలి 27 లీటర్లు, అంటే సుమారు రెండు బిందెలు. స్పీకరు కూడా మార్చాను. నియోడిమియం అయస్కాంతం ఉన్నది తెచ్చాను. చిన్న ముక్కే ఎక్కువ బలంగా లాగుతుంది గనక బరువు తగ్గింది. మొత్తం తూకం 9 కిలోలలోపే వచ్చింది. బడిసంచికి ఉన్నట్టు రెండు పట్టీలు కుట్టించాను.

కరెంటు గిటార్ల పాత పెట్టెలు చాలావాటికి వెనకవైపు సగం తెరిచి ఉంటుంది. నేనూ అలాగే వెనక నడుమ తెరిచి ఉంచాను. పెద్దవాడు వాయించాడు. ఆహా! నిండుగా, వెచ్చగా, గదంతా తిరుగుతూ వచ్చింది ధ్వని. వాడు గంటసేపు వదలలేదు. నేను పెట్టెకు నల్లరంగు వేసి, మూలలకు ఇత్తడి బిళ్లలు కొట్టి, పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు చిన్నది తన గిటారు తగిలించింది. బొజ్జ గిటారులో తీగలు ఆనే బద్ద కింద స్ఫటికపు పట్టీ ఒకటి ఉంటుంది. నొక్కితే కరెంటు పుట్టించే స్ఫటికాల సంగతిని 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కనిపెట్టారు. మీ వంటింట్లో గ్యాసు వెలిగించే లైటరు టక్కుమనేది కూడా ఆ గుణం వల్లనే. సరే, అది వాయించింది. రెండు వరసలు వాయించి ఆపేసింది.

"ఏమైందే?"

"మంచిగనే ఉంది మామా" అన్నది. గిటారును సంచిలో పెట్టేసింది. కాసేపటికి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నది. "అది నా గిటారు లెక్క లేదు. బాయిల నుంచి వాయించినట్టు ఉంది. అన్నకే ఇచ్చెయ్. నేను వింట."

పిల్లలూ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భుజాన మోయటానికి ఆ పిల్లకు సరిపోయే పెట్టె చేశానుగాని, వాయించటానికి సరిపోయేది చెయ్యలేదు.

పడుకుని ఆలోచిస్తుంటే అసలు సంగతి తట్టింది. బక్క గిటారుకు కడుపు లేదు. స్పీకరే దాని కడుపు. ఆ స్పీకరూ, తెరిచిన వీపూ చేసే మార్పులన్నీ దాని గొంతులో భాగమే. కరెంటు గిటార్లకు వాడే స్పీకర్లు సెకనుకు సుమారు 5,000 అదుర్లు దాటిన స్వరాలను బాగా తగ్గించేస్తాయి. తగ్గిస్తేనే దానికి అందం. బొజ్జ గిటారుకు కడుపు ముందే ఉన్నది. చెయ్యవలసిన మార్పులన్నీ అక్కడే జరిగిపోయాయి. దానికి రెండో కడుపు తగిలిస్తే ఆ పిల్ల అన్నట్టు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. వేలిగోరు తీగకు తగిలే చప్పుడు, తీగ మెరుపు, ఇవన్నీ 5,000కు పైన ఉండే స్వరాలు. అవి పోతే అది ఎవరి గిటారో ఎలా తెలుస్తుంది? కాకా మొదటిరోజు చెప్పిన మాట బొజ్జ గిటారు విషయంలోనే పూర్తిగా నిజం. నేను దాన్ని సగమే విన్నాను.

సన్నని స్వరాలకు వేరే చిన్న స్పీకరు పెట్టాలి. దాన్ని ట్వీటరు అంటారు. అంటే మెరుస్తున్న ఆ నల్లని ముఖానికి ఇంకో రంధ్రం కొయ్యాలి.

"మామా, ముట్టుకోకు! ఖరాబు చేస్తవు" అన్నాడు పెద్దవాడు. వాడి మాట తీసెయ్యదగ్గది కాదు. వాడికి అప్పటికే ఆ పెట్టె సరిగ్గా కుదిరింది. పండుగ నాలుగు రోజులున్నది. రంపం జారితే ఇద్దరికీ లేకుండా పోతుంది.

కోశాను. రంగు కొంచెం లేచిపోయింది. ట్వీటరు బిగించి, దానికి ముందు 6.8 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి వేశాను. లావు స్వరాలను అది అడ్డుకుంటుంది, సన్నవాటిని పోనిస్తుంది. లావు స్వరాలు పోతే ట్వీటరు తీగచుట్ట మాడిపోతుంది. వీపు తెరిచిన చోటికి మూత చేసి, అంచుకు స్పాంజి అంటించి, నాలుగు మరలతో బిగించాను. లోపల పాత బొంతలోని దూది పరిచాను. చిన్నది వాయించింది. దాని మొహం చూస్తే అడగనక్కరలేకపోయింది. కాని పెద్దవాడు వాయిస్తే రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉన్నది! ఊ, నే చెప్పలేదా అన్నట్టు చూశాడు వాడు.

ట్వీటరుకు ఒక స్విచ్చి పెట్టాను. పెద్దవాడి వంతు వచ్చినప్పుడు స్విచ్చి ఆపి, నాలుగు మరలూ విప్పి మూత తీసెయ్యాలి. చిన్నదాని వంతుకు మూత పెట్టి స్విచ్చి వెయ్యాలి. రెండు నిమిషాల పని. ఒకే పెట్టె ఇద్దరికీ ఒకేలా ఉండకపోవటమే దాని కిటుకు.

అమ్మానాన్నలకు ఇక్కడ ఒక మాట. ఇలాంటిది చేస్తే గోడ కరెంటు పెట్టె లోపలికి రానివ్వకండి. బ్యాటరీకి రక్షణ సర్క్యూటు ఉన్నదీ లేనిదీ చూసి కొనండి, దాని చార్జరునే వాడండి. ప్లైవుడ్డు కోసేటప్పుడు పిల్లలు పక్కన నిలబడి చూడవచ్చు, రంపం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఆ సాయంత్రం చిన్నదే పెట్టెను భుజాన వేసుకుని నడిచింది. దారిలో రెండుసార్లు దించి ఆయాసం తీర్చుకున్నది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. మండపంలో మొదట అది సరిగ్గా పెట్టె ఎదురుగా నిలబడేసరికి "కూ" మని ఊళ వేసింది. బడి వార్షికోత్సవంలో మైకు ఊళ వెయ్యటం వినే ఉంటారుగా! స్పీకరు ధ్వనికి గిటారు బొజ్జ అదురుతుంది, ఆ అదురు మళ్లీ స్పీకరులోకి పోతుంది, అలా గుండ్రంగా తిరిగి పెరుగుతుంది. పెట్టెను దానికంటే ముందుకు, జనం వైపు తిప్పి పెట్టాను. ఊళ ఆగింది.

నేను వెనక్కు వచ్చి చెప్పుల కుప్ప దగ్గర నిలబడ్డాను. పక్కన పులిహోర పొట్లాల కోసం పిల్లలు తోసుకుంటున్నారు. ఆ గొడవలో కూడా, వేలు లావు తీగ మీద జారినప్పుడు వచ్చే చిన్న "జిర్ర్" చప్పుడు నాకు వినబడింది.

తరువాత అన్న వంతు. మూత విప్పింది చెల్లెలే. ఆ తొందరలో ఒక మర ఎక్కడో పడిపోయింది. పూలలోనూ, అక్షింతలలోనూ వెతికాం, దొరకలేదు. ఇప్పుడు ఆ మూలన మూతకు మూడు మరలూ, ఒక చీల ఉన్నాయి. చీల వదులైనప్పుడల్లా మూడో తీగకు పెట్టె కొంచెం మూలుగుతుంది. నాకంటే ముందు చిన్నదే అది కనిపెట్టి, "మామా, మళ్ల పాడుతుంది ఇది" అని సుత్తి తెచ్చి ఇస్తుంది.